పాత పంచాంగంతో మేలుకున్న కంప్యూటర్

2024 సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చిన మా మేనల్లుడు అటక మీద నుంచి ఒక ప్లాస్టిక్ డబ్బా దించాడు. అందులో అరచేతిలో ఇమిడే ఆకుపచ్చ బోర్డు, దానిలో దూర్చిన చిన్న మెమరీ కార్డు, తీగల చివర ఒక తెల్ల సెన్సర్. వాడు బడిలో చదివే రోజుల్లో, 2018లో, మేమిద్దరం కలిసి కట్టిన పరికరం అది. మేడ మీద పూలకుండీల పక్కన ఉండి పది నిమిషాలకోసారి ఉష్ణోగ్రతనూ గాలిలో తేమనూ రాసిపెట్టేది. 2019 జూన్‌లో వాడు ఇంటర్మీడియట్‌కు హాస్టల్‌లో చేరేటప్పుడు దాన్ని ఆపి డబ్బాలో సర్దేశాం. డబ్బా దించేనాటికి వాడు ఇంజినీరింగ్ మూడో ఏడు.

కరెంటు ఇచ్చాం. ఎర్ర దీపం వెలిగింది, ఆకుపచ్చ దీపం మిణుకుమంది, తెర మీద బొమ్మ కూడా వచ్చింది. ఆ తర్వాత ఏ పని చెప్పినా తప్పు సందేశమే. ఇంట్లో వైఫై దానికి కనబడలేదు. కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్ తాజా చెయ్యబోతే 404, అంటే అడిగినది అక్కడ లేదు, అంది. వెబ్‌సైట్ నుంచి ఒక ఫైలు తెమ్మంటే సర్టిఫికెట్ గడువు తీరిపోయిందంది.

"ఇది పాడైపోయింది మావయ్యా, కొత్తది కొనేద్దాం" అన్నాడు వాడు.

"ఉండరా. అదేం చెబుతోందో ముందు విందాం" అన్నాను.

ఆ పూటంతా కూర్చుని విన్నాం. అది చెప్పిన ప్రతి మాట వెనకా ఒక కారణం ఉంది. ఆ కారణాలు ఒకదాని మీద ఒకటి మెట్లలా ఉన్నాయి. కింది మెట్టు సరిచూడకుండా పై మెట్టు మీద ఎంత కష్టపడినా ఫలితం ఉండదు. పాత సాఫ్ట్‌వేర్‌తో మొరాయించే ఏ చిన్న కంప్యూటర్‌కైనా ఈ వరుస పనికొస్తుంది కనుక దాన్ని ఇక్కడ వివరంగా చెబుతాను.

పాడవడం వేరు, పాతబడడం వేరు

బామ్మ ట్రంకుపెట్టె అడుగున, పట్టుచీర మడతల్లో ఒక పాత 500 రూపాయల నోటు దొరికిందనుకుందాం. కాగితం చిరగలేదు, రంగు వెలవలేదు, అంకెలు చెరగలేదు. అయినా దుకాణంలో చెల్లదు. పెద్ద నోట్ల రద్దు ప్రకటించిన 2016 నవంబర్ 8 రాత్రి నోటులో ఏ మార్పూ జరగలేదు. దాన్ని తీసుకునే లోకంలో నియమం మారింది.

సాఫ్ట్‌వేర్ పాతబడడం సరిగ్గా ఇలాంటిదే. ఇనుము తుప్పు పడుతుంది, చెక్కకు చెద పడుతుంది. కార్డులో రాసిన ప్రోగ్రాములో ఒక్క అక్షరం కూడా తనంతట తాను మారదు. కానీ ఆ ప్రోగ్రాము ఒంటరిగా బతకదు. టైమెంతో ఒక సర్వర్‌ను అడుగుతుంది, కొత్త ప్యాకేజీల కోసం ఇంకొకదాన్ని అడుగుతుంది, అవతలివాళ్లు నిజంగా వాళ్లేనా అని మూడోవాళ్ల సంతకం చూసి తేల్చుకుంటుంది. అవన్నీ ముందుకు కదిలిపోతాయి. మా బోర్డు నాలుగున్నరేళ్లు నిద్రపోయి లేచి, 2019 నాటి మర్యాదలతో 2024 లోకాన్ని పలకరించింది. లోకం దాన్ని గుర్తుపట్టలేదు.

అందుకే మొదట అడగాల్సింది "ఏ భాగం చెడింది?" అని కాదు. "ఎవరెవరితో దీనికి మాట కలవడం లేదు?" అని.

చిన్న బోర్డు, పెద్ద దొంతర

మాది రాస్ప్‌బెర్రీ పై 3 మోడల్ బి. ఈ కుటుంబంలో మొదటి బోర్డు 2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి నుంచి వచ్చింది. పిల్లలు కంప్యూటర్‌ను వాడడంతో ఆగిపోకుండా దాన్ని విప్పి, రాసి, నేర్చుకోవాలన్నది ఎబెన్ అప్టన్, ఆయన సహచరుల ఆశయం. ధర 35 డాలర్లు, మెమరీ 256 ఎంబీ. సరిగ్గా నాలుగేళ్లకు, 2016 ఫిబ్రవరి 29న, మాదాని లాంటి మూడో తరం బోర్డు విడుదలైంది.

ప్రాసెసర్, మెమరీ, తీగలు తగిలించే పిన్నులు అన్నీ ఒకే పలక మీద ఉంటాయి కాబట్టి వీటిని సింగిల్ బోర్డు కంప్యూటర్లు అంటారు. హార్డ్ డిస్కు ఉండదు. ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం మెమరీ కార్డులోనే ఉంటుంది. కార్డు మార్చితే అదే బోర్డు వేరే కంప్యూటర్ అవుతుంది. మరమ్మతులో ఇది ఎంత మేలు చేస్తుందో తర్వాత చూద్దాం.

ఆ సిస్టమ్‌కు పునాది డెబియన్. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టగా ప్రపంచం నలుమూలల స్వచ్ఛంద ప్రోగ్రామర్లు నడుపుతున్న లినక్స్ కూర్పు అది. మొదటి బోర్డులోని ప్రాసెసర్‌కు డెబియన్ నేరుగా సరిగ్గా అతకకపోవడంతో 2012లో మైక్ థాంప్సన్, పీటర్ గ్రీన్ దాన్ని ఆ ప్రాసెసర్ కోసం మళ్లీ కంపైల్ చేసి రాస్ప్‌బియన్ అని పేరు పెట్టారు. 2020లో ఆ పేరు రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌గా మారింది.

డెబియన్ విడుదలలకు టాయ్ స్టోరీ సినిమాల్లోని పాత్రల పేర్లు పెడతారు. తొలినాళ్ల సారథుల్లో ఒకరైన బ్రూస్ పెరెన్స్ అప్పట్లో ఆ సినిమాలు తీసే పిక్సార్‌లో పనిచేసేవారు. 2017లో స్ట్రెచ్, 2019లో బస్టర్, 2021లో బుల్స్‌ఐ, 2023లో బుక్‌వార్మ్, 2025లో ట్రిక్సీ. దాదాపు రెండేళ్లకొకటి. ఒక్కో విడుదలకు మూడేళ్ల పూర్తి సంరక్షణ, ఆపైన రెండేళ్లు భద్రతా సవరణలు దొరుకుతాయి. మా కార్డులో ఉన్నది స్ట్రెచ్. డెబియన్ లెక్కలో దాని ఐదేళ్లూ 2022 జూన్ 30తో ముగిశాయి. అది నిద్రలో ఉండగానే దాని ఆయుర్దాయం తీరిపోయింది.

మొదటి మెట్టు: కరెంటు

సాఫ్ట్‌వేర్ సమస్య అని మనం అనుకునే వాటిలో చాలావరకు ఛార్జర్ దగ్గర మొదలవుతాయి. ఈ బోర్డుకు 5.1 వోల్టుల దగ్గర 2.5 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. ఫోన్ ఛార్జర్, సన్నని కేబుల్ పెడితే బోర్డు లేస్తుంది గానీ పని పెరిగినప్పుడు వోల్టేజి జారుతుంది. 4.63 వోల్టుల కంటే తగ్గిందంటే తెర మూల పసుపుపచ్చ మెరుపు గుర్తు కనబడుతుంది. అప్పుడు ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. కార్డు మీద రాస్తున్న ఫైలు సగంలో చెడిపోవచ్చు. ఆ దెబ్బతిన్న ఫైలును చూసి మనం సాఫ్ట్‌వేర్‌ను తప్పుపడతాం.

మా తెర మీద మెరుపు కనిపించింది. కేబుల్ మార్చాం, పోయింది. తప్పు సందేశాలు మాత్రం పోలేదు. అయినా ఈ మెట్టు దాటకుండా తర్వాతివి చూడకూడదు. ఇకపై వచ్చే తప్పులన్నీ నిజమైనవేనని నమ్మకం కలిగేది ఇక్కడే.

అసలు తెరే రాని బోర్డుల సంగతి వేరు. మన డెస్క్‌టాప్ కంప్యూటర్లకు భిన్నంగా, మా బోర్డులాంటివాటిలో ముందు మేలుకునేది బొమ్మల పని చూసే వీడియోకోర్ భాగం. అది కార్డులోంచి ఒక చిన్న బూట్ ఫైలు చదువుతుంది, దాని సాయంతో స్టార్ట్ అనే ఫర్మ్‌వేర్ ఫైలును తెచ్చుకుంటుంది, అది సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌ను మెమరీలో పెట్టి ప్రధాన ప్రాసెసర్‌ను తట్టి లేపుతుంది. ఈ వరుసలో ఎక్కడ ఆగిందో ఆకుపచ్చ దీపం చెబుతుంది. నాలుగుసార్లు మెరిసి ఆగుతుంటే స్టార్ట్ ఫైలు దొరకలేదని, ఏడుసార్లయితే కెర్నెల్ దొరకలేదని అర్థం.

ఇంద్రధనుస్సు రంగుల చతురస్రం దగ్గరే తెర నిలిచిపోతే ఫర్మ్‌వేర్ లేచింది, కెర్నెల్ లేవలేదు. పాత కార్డును కొత్త బోర్డులో పెట్టినప్పుడు కూడా ఇలాంటి చిక్కే వస్తుంది. 2019 జూన్‌లో నాలుగో తరం బోర్డు బస్టర్‌తోపాటు వచ్చింది. ఐదో తరానికి కనీసం బుక్‌వార్మ్ కావాలి. అంతకు ముందటి కార్డులోని ఫర్మ్‌వేర్‌కు ఆ బోర్డు ఉందనే తెలియదు, ఇక లేపేదెలా?

రెండో మెట్టు: కార్డు

ఏ మార్పూ చేయకముందే కార్డు మొత్తానికి నకలు తీయాలి. ఒక్కో ఫైలు కాకుండా, కార్డు మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా ఒకే ఇమేజ్ ఫైలుగా. కార్డు తీసి ల్యాప్‌టాప్‌కు పెట్టి మేం చేసిన మొదటి పని ఇదే. 2018 నాటి మేడ మీది ఎండలు, వానాకాలపు తేమ అంకెలు అందులో ఉన్నాయి. వాటిని మళ్లీ కొలవలేం. సిస్టమ్‌ను మళ్లీ తెచ్చుకోవచ్చు. డేటా పోతే పోయినట్టే.

మెమరీ కార్డులోని ఫ్లాష్ కణాలు ఇన్నిసార్లు రాస్తే అరిగిపోతాయన్న పరిమితితోనే పుడతాయి. పది నిమిషాలకోసారి రాసే పరికరం, నిమిషానికి పదిసార్లు లాగ్ రాసే సిస్టమ్ రెండూ కార్డును అరగదీస్తాయి. కార్డులో లోపం తగిలినప్పుడు లినక్స్ తరచూ దాన్ని చదవడానికి మాత్రమే వీలైన స్థితిలోకి మార్చేస్తుంది. అప్పుడు ఏ అప్‌డేట్ చేయబోయినా రాయడం కుదరదంటుంది. చాలామంది అనుమతుల సమస్య అనుకుని, సర్వాధికారం ఇచ్చే ఆదేశమైన సుడో మీద సుడో కొడతారు. నిజానికి అది ఉన్న డేటానైనా కాపాడదామని సిస్టమ్ తలుపు మూసుకోవడం.

ఇంకో మామూలు కారణం, చోటు నిండిపోవడం. లాగ్ ఫైళ్లు పెరిగిపోయి కార్డు నిండితే అప్‌డేట్ సగంలో ఆగుతుంది. ముఖ్యంగా బూట్ విభాగాన్ని చూడాలి. పాత కార్డుల్లో అది కొద్ది ఎంబీల ఇరుకు గది. కొత్త కెర్నెళ్లు, ఫర్మ్‌వేర్ వచ్చి చేరితే పట్టదు. బుక్‌వార్మ్‌లో దాన్ని 512 ఎంబీకి పెంచింది అందుకే. మా కార్డులో చోటుంది, రాత సాగుతోంది. రెండో మెట్టు గట్టిదే.

మూడో మెట్టు: నెట్‌వర్కు, గడియారం

వైఫై ఎందుకు దొరకలేదు? లాక్‌డౌన్ కాలంలో ఇంట్లో రౌటర్ మార్చాం. మేం వాడుకునే కొత్త వైఫై 5 గిగాహెర్ట్జ్‌ది. మా బోర్డు రేడియో 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే వింటుంది. అది వినలేని స్వరంలో రౌటర్ పిలుస్తోంది, అంతే. మరమ్మతు సమయంలో ఇలాంటి అదనపు చిక్కులు తగ్గించుకోవాలి. అందుకే లాన్ కేబుల్ పెట్టేశాం.

కేబుల్ పెట్టకముందు తెర మూల తేదీ చూస్తే 2019 జూన్. మేం ఆపేసిన సాయంత్రమే అక్కడ ఇంకా నడుస్తోంది. మామూలు కంప్యూటర్లలో బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉండి, కరెంటు లేకపోయినా గడియారాన్ని నడుపుతుంది. ధర తగ్గించడానికి ఈ బోర్డుల్లో అది పెట్టలేదు. ఐదో తరంలో గడియారం బోర్డు మీదికి వచ్చింది, బ్యాటరీ తగిలించే చోటు కూడా ఉంది. మా బోర్డులాంటివాటిలో సిస్టమ్ ఒక ఉపాయం చేస్తుంది. గంటకోసారి, ఆపేటప్పుడు ఒకసారి, అప్పటి సమయాన్ని ఒక ఫైలులో రాసుకుంటుంది. మళ్లీ లేచినప్పుడు అక్కడి నుంచి లెక్క మొదలుపెడుతుంది. నిన్న ఆపి ఇవాళ లేపితే పెద్ద తేడా ఉండదు. నాలుగున్నరేళ్లయితే అది చేతిలో పాత పంచాంగం పట్టుకుని ముహూర్తం చూస్తున్నట్టే.

తేదీ తప్పితే పోయేదేముంది అనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో నమ్మకమంతా తేదీల మీదే నిలిచి ఉంది. "ఈ రోజు నుంచి ఈ రోజు దాకా చెల్లుతుంది" అని రాయని సంతకం అక్కడ దాదాపు లేదు. 2019లో ఉన్నాననుకునే యంత్రానికి 2024లో చేసిన సంతకం ఇంకా అమల్లోకి రాని పత్రంలా కనిపిస్తుంది. ప్యాకేజీల జాబితా "ఇంకా చెల్లుబాటు కాలేదు" అని ఆప్ట్ అనే సాధనం చెప్పిందంటే, సర్వర్‌ను అనుమానించే ముందు మన తేదీ చూసుకోవాలి.

కేబుల్ పెట్టిన కొద్దిసేపటికే తేదీ ఒక్క గెంతులో నాలుగున్నరేళ్లు దాటింది. అది నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్ పని. అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ మిల్స్ దానికి రూపకర్త. సందేశం వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని కూడా లెక్కగట్టి, దూరాన ఉన్న గడియారంతో మన గడియారాన్ని కలిపే పద్ధతి అది. 1985లో ప్రకటించిన ఆ పద్ధతి వారసత్వమే ఇవాళ కోట్ల యంత్రాలను ఒకే క్షణంలో నిలబెడుతోంది. మేం ఆ బోర్డు ముందు కూర్చున్న సంక్రాంతి వారంలోనే, 2024 జనవరి 17న, మిల్స్ కన్నుమూశారు. ఆ వార్త చదివినప్పుడు మా తెర మీద గెంతిన తేదీ గుర్తొచ్చి మనసులోనే నమస్కరించుకున్నాను.

కాలేజీ, ఆఫీసు నెట్‌వర్కుల్లో ఈ ప్రోటోకాల్‌ను ఆపేస్తుంటారు. అలాంటిచోట తేదీని చేత్తో సరిచేయాలి, లేదా బ్యాటరీతో నడిచే చిన్న గడియారపు మాడ్యూల్‌ను బోర్డు పిన్నులకు తగిలించాలి. నెట్ లేని పొలాల్లో, కొండల్లో కొలతలు తీసే పరికరాలకైతే అది ఉండి తీరాలి. తేదీ తప్పిన కొలత కొలతే కాదు.

నాలుగో మెట్టు: చిరునామా

తేదీ సరైంది. మళ్లీ ఆప్ట్ అప్‌డేట్ కొట్టాం. మళ్లీ 404.

ఆప్ట్ అనేది డెబియన్‌లో సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే సాధనం. ఎక్కడి నుంచి తేవాలో ఎట్సీ ఫోల్డర్‌లోని సోర్సెస్ జాబితాలో రాసి ఉంటుంది. గడువు తీరిన విడుదలను కొంతకాలానికి ప్రధాన సర్వర్ల నుంచి తీసి ఆర్కైవ్‌కు తరలిస్తారు. అదే జరిగింది. మా బోర్డు పాత ఇంటి తలుపు తడుతోంది. లోపలివాళ్లు ఇల్లు మారి రెండు వీధులు దాటిపోయారు. రాస్ప్‌బియన్ పాత విడుదలలు లెగసీ అనే మాటతో మొదలయ్యే చిరునామాలో ఉన్నాయి. జాబితాలో ఆ ఒక్క పంక్తి మార్చగానే 404 పోయింది.

దీనికి దగ్గరి చుట్టమైన సందేశం ఇంకొకటుంది. కొత్త విడుదల వచ్చిన రోజు పాతదాని హోదా "స్టేబుల్" నుంచి "ఓల్డ్‌స్టేబుల్"కు మారుతుంది. అది గమనించిన ఆప్ట్ ఆగిపోయి, హోదా మారింది, ఒప్పుకుంటారా అని అడుగుతుంది. 2021లో బుల్స్‌ఐ వచ్చినప్పుడు బస్టర్ వాడేవాళ్లు చాలామంది దీన్ని చూసి కంగారుపడ్డారు. మార్పును అంగీకరిస్తున్నామని ఒక్కసారి చెబితే చాలు.

ఈ పట్టుదల ఎందుకంటే ఆప్ట్ ఎవరినీ ముఖం చూసి నమ్మదు. విడుదలకు ఒక మూలపత్రం ఉంటుంది, దాని మీద డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ పత్రంలో ప్యాకేజీ జాబితాల హాష్ విలువలు, ఆ జాబితాల్లో ఒక్కో ప్యాకేజీ హాష్ విలువ ఉంటాయి. హాష్ అంటే ఫైలు వేలిముద్ర. ఒక్క అక్షరం మారినా ముద్ర మొత్తం మారిపోతుంది. ఒక్క సంతకాన్ని పరీక్షిస్తే ఇలా వేల ప్యాకేజీలకు భరోసా దొరుకుతుంది. కాబట్టి సందేశం చికాకు పుట్టించినా, సంతకం తనిఖీని ఆపేసే కిటుకు ఎవరైనా చెబితే వాడకూడదు. తాళం రావడం లేదని తలుపు పీకేసుకున్నట్టవుతుంది.

ఐదో మెట్టు: గడువున్న నమ్మకం

ఇక మిగిలింది సర్టిఫికెట్. వెబ్‌సైట్ తాను ఫలానా అని చెప్పుకోవడానికి ఒక పత్రం చూపిస్తుంది. దాని మీద ఒక సంస్థ సంతకం, ఆ సంస్థ పత్రం మీద మరో పెద్ద సంస్థ సంతకం. ఇలా పైకి పోగా పోగా చివర మూల సర్టిఫికెట్ ఉంటుంది. మూల సర్టిఫికెట్లను యంత్రం ముందే తనలో దాచుకుని ఉంటుంది. వాటికీ గడువుంటుంది.

లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2015 నుంచి వెబ్‌సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇస్తోంది. కొత్త సంస్థ సొంత మూలాన్ని అప్పట్లో ఏ యంత్రమూ ఎరగదు. అందుకని యంత్రాలన్నిటికీ అప్పటికే తెలిసిన డీఎస్‌టీ రూట్ అనే పాత మూలంతో కూడా సంతకం పెట్టించుకుంది. ఆ పాత మూలం గడువు 2021 సెప్టెంబర్ 30న తీరింది. కొత్త సాఫ్ట్‌వేర్ రెండో దారిలో, సంస్థ సొంత మూలం దాకా వెళ్లి సరిచూసుకుంది. సర్టిఫికెట్లను సరిచూసే ఓపెన్ ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో 1.0.2 లాంటి పాత కూర్పులు గడువు తీరిన దారినే పట్టుకుని అక్కడే ఆగాయి. సొంత మూలం తమ దగ్గర ఉన్నా రెండో దారి వెతకలేదు. ఆ రోజు ప్రపంచమంతటా ఎన్నో పాత పరికరాలు నిన్నటిదాకా తెరిచిన సైట్లను తెరవలేకపోయాయి. ఆ రోజు నిద్రలో ఉన్న మా బోర్డుకు ఆ అనుభవం 2024లో ఎదురైంది.

పాత ఆర్కైవ్ నుంచి మూల సర్టిఫికెట్ల ప్యాకేజీనీ, ఓపెన్ ఎస్ఎస్ఎల్‌నూ తాజా చేస్తే ఇది కొంతవరకు తీరుతుంది. అయితే ఇక్కడికి వచ్చాక అసలు ప్రశ్న వేసుకోవాలి. అతుకులు వేసుకుంటూ ఎంతదూరం?

ఎక్కించాలా, కొత్తగా వేయాలా

స్ట్రెచ్ నుంచి బస్టర్‌కు, అక్కడి నుంచి బుల్స్‌ఐకి, తర్వాత బుక్‌వార్మ్‌కు మెట్టు మెట్టుగా ఎక్కించే మార్గం డెబియన్‌లో ఉంది. ఒక మెట్టు వదిలేసి దూకకూడదు. ఈ బోర్డుల తయారీదారులు మాత్రం పెద్ద విడుదల మారినప్పుడు కొత్త కార్డు మీద కొత్తగా వేసుకోమనే చెబుతారు. నాకు తెలిసినంతలో అదే సరైన సలహా. పాత కార్డు పక్కన భద్రంగా ఉంటుంది. కొత్తది నచ్చకపోతే ఐదు నిమిషాల్లో వెనక్కి వెళ్లవచ్చు. ఇంత చవగ్గా వెనక్కి వెళ్లే వీలు ఏ ల్యాప్‌టాప్‌కూ లేదు.

మనం తరచు చేసే పొరపాటు ఒకటి ఇక్కడే చెప్పాలి. ఆర్‌పీఐ అప్‌డేట్ అనే ఆదేశం పేరు చూసి దాన్నే మామూలు అప్‌డేట్ అనుకుంటారు. అది ఇంకా పరీక్షలో ఉన్న కెర్నెల్‌నూ ఫర్మ్‌వేర్‌నూ తెచ్చిపెడుతుంది. డెవలపర్లు అడిగితే తప్ప దాని జోలికి వెళ్లకూడదు. రోజువారీ పనికి ఆప్ట్ అప్‌డేట్, ఆ వెనకే ఆప్ట్ ఫుల్ అప్‌గ్రేడ్ సరిపోతాయి.

మేం కొత్త కార్డు మీద బుక్‌వార్మ్ వేశాం. 2019తో పోలిస్తే పద్ధతులే మారిపోయాయి. అప్పట్లో ప్రతి బోర్డుకూ పై అనే యూజర్, రాస్ప్‌బెర్రీ అనే పాస్‌వర్డు ముందే ఉండేవి. 2022 ఏప్రిల్ నుంచి ఆ యూజర్‌ను తీసేశారు. పేరు, పాస్‌వర్డు మనమే పెట్టుకోవాలి. మావాడు తన పేరు పెట్టుకున్నాడు. దాంతో పాత హోమ్ ఫోల్డర్ దారిని నేరుగా రాసిన మా ప్రోగ్రాము, ఆ ఫోల్డర్ లేదంటూ ఆగింది. బుక్‌వార్మ్‌లో నెట్‌వర్కు బాధ్యత నెట్‌వర్క్ మేనేజర్ చేతికి వచ్చింది. వైఫై వివరాలు ఒక ఫైలులో రాసి బూట్ విభాగంలో పడేసే పాత అలవాటు ఇక పనిచేయదు. కార్డు తయారుచేసే ఇమేజర్‌లోనే అవి నింపాలి. పాత పాఠాలు చూసి కొత్త సిస్టమ్ మీద పనిచేసేవాళ్లు తడబడేది ఎక్కువగా ఇలాంటిచోటే. పాఠం ఏ విడుదల కోసం రాశారో ముందు చూసుకోవాలి.

పాత ప్రోగ్రాము, కొత్త వ్యాకరణం

మా ప్రోగ్రాము పైథాన్ 2లో ఉంది. ఆ భాషకు 2020 జనవరి 1తో సంరక్షణ ఆగిపోయింది. బుక్‌వార్మ్‌లో అది లేదు, పైథాన్ 3.11 ఉంది. ప్రింట్ తర్వాత బ్రాకెట్లు పెట్టడం లాంటి మార్పులు తేలిక. అవి లేకపోతే యంత్రమే అరిచి చెబుతుంది. అరవని మార్పులతోనే జాగ్రత్త. పైథాన్ 2లో 7ను 2తో భాగిస్తే 3, పైథాన్ 3లో 3.5. తేమ శాతాలను పూర్ణాంకాలుగా కూడి సగటు తీసే పంక్తి మా ప్రోగ్రాములో ఉంది. అది ఏ తప్పు సందేశమూ లేకుండా నడిచింది, కానీ పాత సగటులకూ కొత్త సగటులకూ లెక్క కుదరలేదు. 2018 అంకెలన్నీ కిందికి కత్తిరించినవని అప్పుడు తెలిసింది. మూల కొలతలు విడిగా దాచి ఉంచాం కాబట్టి సగటులు మళ్లీ తీశాం.

సెన్సర్ లైబ్రరీని, పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో వేయబోతే, ఇది బయటివాళ్లు చూసుకునే వాతావరణం, ఇక్కడ వేయనివ్వనంది. ఇదీ బుక్‌వార్మ్‌తో వచ్చిన నియమమే. ఆప్ట్ తెచ్చిన ప్యాకేజీలను పిప్ తెచ్చినవి తొక్కేసి సిస్టమ్ చెడగొట్టకుండా ఈ అడ్డుగోడ కట్టారు. మన ప్రాజెక్టుకు విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకుని అందులో వేసుకోవాలి. ఒకే వంటింట్లో ఎవరి పోపులపెట్టె వారికి విడిగా ఉన్నట్టు.

పాతదాన్ని అలాగే వాడుకుంటే?

"నెట్‌కు తగిలించకుండా పాత కార్డుతోనే నడిపితే ఏం మావయ్యా?" అని అడిగాడు వాడు. మంచి ప్రశ్న. ఏ నెట్‌వర్కుకూ అంటకుండా ఒక మోటారును ఆన్ చేసి ఆఫ్ చేసే బోర్డును మార్చాల్సిన అవసరం లేదు. కార్డుకు నకలు ఉంచుకుంటే చాలు. నెట్‌వర్కుకు తగిలించిన రోజు లెక్క మారుతుంది.

2021 జనవరిలో క్వాలిస్ అనే భద్రతా సంస్థ సుడోలో ఒక లోపాన్ని బయటపెట్టింది. మామూలు యూజర్ ఎవరైనా ఆ సందులోంచి సర్వాధికారి కాగలడు. 2011 నుంచి, అంటే దాదాపు పదేళ్లుగా, అది ఎవరి కంటా పడకుండా ఉంది. సవరణ వెంటనే వచ్చింది. 2019లో ఆగిపోయిన మా కార్డుకు మాత్రం రాలేదు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలు, రౌటర్లను లక్షల్లో వశం చేసుకుని పెద్ద పెద్ద సైట్లను స్తంభింపజేసింది. రాస్ప్‌బియన్‌లో దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌ను ఆ ఏడాది చివర్లోనే అప్రమేయంగా ఆపేశారు.

నాసా తనిఖీ విభాగం 2019 జూన్‌లో ఇచ్చిన నివేదికలో ఇంకో సంగతి ఉంది. 2018లో జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ నెట్‌వర్కులోకి దుండగులు చొరబడ్డారు. ద్వారం, అనుమతి లేకుండా ఎవరో తగిలించిన ఒక రాస్ప్‌బెర్రీ పై. దాదాపు 500 ఎంబీల డేటా పోయింది. బోర్డు చిన్నది కాబట్టి లెక్కలోకి రాలేదు, లెక్కలో లేనిదాన్ని ఎవరూ కాపలా కాయలేదు. మన బడుల్లో, కాలేజీ ల్యాబుల్లో, ఇళ్లలో బీరువా వెనక, టీవీ వెనక ఎప్పుడో పెట్టి మరిచిపోయిన బోర్డులు ఎన్ని ఉంటాయో ఒకసారి తలుచుకోండి.

అలాగని అన్నిటినీ పారేయనక్కర్లేదు. ఈ రంగంలో నన్ను కదిలించే సంగతి ఇదే. 2023లో వచ్చిన బుక్‌వార్మ్ 32 బిట్ కూర్పు 2012 నాటి మొట్టమొదటి బోర్డు మీద కూడా నడుస్తుంది. అప్పటికే పదకొండేళ్ల వయసున్న 35 డాలర్ల యంత్రాన్ని వదిలేయకుండా వెంట తీసుకొస్తున్నారు. రెండు మూడేళ్లకే ఫోన్లను మూల పడేసే కాలంలో ఇది చిన్న విషయం కాదు. ఒక కుర్రాడి మొదటి కంప్యూటర్ చెత్తకుప్పకు చేరాలా, మళ్లీ మేడ మీదికి వెళ్లాలా అన్నది చాలాసార్లు ఒక మెమరీ కార్డు, ఒక పూట ఓపిక తేల్చేస్తాయి.

ముందు ఇంకో గడువు కూడా ఉంది. 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల పాత పద్ధతిలో 2038 జనవరి 19న అంకెల చోటు నిండిపోతుంది. అప్పుడు పాత సిస్టమ్‌ల లెక్కలో కాలం ఒక్కసారిగా 1901కి వెళ్లిపోతుంది. అది ఎదురుపడకుండా ట్రిక్సీలో, 32 బిట్ ఆర్మ్ సిస్టమ్‌లకు కూడా కాలాన్ని 64 బిట్లలో లెక్కించేలా మార్చారు. ఏళ్ల తర్వాత వచ్చే చిక్కును ఎవరో ముందుగానే కూర్చుని సరిచేశారు. అప్‌డేట్ అన్న మాట వెనక ఇలాంటి చేతులు ఉంటాయి.

కనుమ మర్నాడు సాయంత్రం బోర్డు మేడ మీదికి చేరింది. మొదటి కొలత సరైన తేదీతో, సరైన గంటతో ఫైలులో పడింది. దాని పైపంక్తిలో 2019 జూన్ నాటి చివరి కొలత. మధ్యలో నాలుగున్నరేళ్ల ఖాళీ.

హాస్టల్‌కు బయల్దేరే ముందు వాడు డబ్బా మూత లోపల ఒక అట్టముక్క అంటించాడు. ఏ విడుదల వేశామో, ఏ తేదీన వేశామో, కార్డు నకలు ఎక్కడుందో రాశాడు. బుక్‌వార్మ్‌కు భద్రతా సవరణలు 2028 జూన్ దాకానే వస్తాయి కాబట్టి, ఆలోపు కొత్త కార్డు వేయాలని కింద ఎర్ర సిరాతో రాశాడు. ఆఖరి పంక్తి మా అమ్మ కోసం: "అమ్మమ్మా, ఉగాదికి కొత్త పంచాంగం కొన్నప్పుడు దీని సంగతి నాకు గుర్తుచెయ్యి."